ముక్తేశ్వరం రేవులో ఆర్మేనియా అమ్మాయి

జొన్నాడ దగ్గర హైవే పక్కన ఆగిన తెల్ల కారులో ఏసీ ఇంకా నడుస్తూనే ఉంది. డ్రైవర్ సీట్లో మనిషి సీటుబెల్టు పెట్టుకునే చనిపోయాడు. చెవి కింద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క ఒక్కటే కనిపిస్తోంది. పక్కనున్న టీకొట్టతను నిద్రపోతున్నాడనుకుని రెండుసార్లు అద్దం తట్టి ఊరుకున్నాడు.

పోలీసులు గుండెపోటని రాసుకున్నారు. రాజమండ్రిలో ఒక గెస్ట్‌హౌస్ గదిలో కూర్చున్న విజయకుమారి మాత్రం ఆ మాట నమ్మలేదు. ఆమె సెక్షన్ నైన్ చీఫ్. ఆ సెక్షన్ పేరు ఏ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనూ కనిపించదు.

"లోవరాజు మన మనిషి. చాలాకాలం దుబాయిలో టాక్సీ నడిపి వచ్చాడు. ఎయిర్‌పోర్ట్ పాసింజర్ల మీద కన్నేసి ఉంచమన్నాం. చనిపోయే ముందు మన డ్యూటీ ఆఫీసర్‌కి ఈ వాయిస్ మెసేజ్ పంపాడు, విను."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ మురళీమోహన్ ముందుకు వంగాడు. ఫోన్లోంచి లోవరాజు గొంతు గుసగుసగా వచ్చింది.

"సార్, నేనెక్కించుకున్న దొర ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడేడండి. బ్రైడ్‌గ్రూమ్ ముక్తేశ్వరం వచ్చేడంట. వీవర్ రెడీగా ఉందంట. పెళ్ళి ఈ వారంలోనే అన్నాడండి. ఆయ్, ఇప్పుడు టీకని దిగేడు. నాకేదో తేడాగా ఉంది సార్, మనిషి వెనక్కొస్తన్నాడు..."

మెసేజ్ అక్కడితో ఆగింది.

"బ్రైడ్‌గ్రూమ్ ఎవరు మేడమ్?"

"ఉదయ్ కిరణ్. రాడార్ ఇంజినీర్. సొంతూరు ముక్తేశ్వరం. సెలవు మీద వచ్చాడు. సెలవు అయిపోగానే ఆర్మేనియా వెళ్ళాలి. మనం వాళ్ళకి అమ్మిన రాడార్ల సాఫ్ట్‌వేర్ రాసింది అతనే. అతను పోతే అవి ఉత్త ఇనప పెట్టెలు."

"ఆర్మేనియా గొడవ కోనసీమ దాకా ఎందుకొచ్చింది?"

విజయకుమారి చేతిలో పెన్ను టేబుల్ మీద పెట్టింది. "ఆ దేశానికి సముద్రం లేదు. నాలుగు వైపులా సరిహద్దులు. టర్కీ వైపు, అజర్‌బైజాన్ వైపు ఏళ్ళ తరబడి మూతే. మిగిలినవి జార్జియా దారి, ఇరాన్ దారి. రెండువేల ఇరవైలో అజర్‌బైజాన్ చేతిలో యుద్ధం ఓడిపోయారు. ఇరవై మూడులో, ఆ రెండు దేశాలూ మాదంటే మాదని కొట్టుకున్న కరబాఖ్‌లో ఉన్న ఆర్మేనియన్లందరూ వారం రోజుల్లో ఇళ్ళొదిలి వచ్చేశారు. రష్యా కాపాడుతుందనుకున్నారు, కాపాడలేదు. అందుకని మన దగ్గరికి వచ్చారు. అది కొందరికి నచ్చలేదు. నచ్చనివాళ్ళు నార్త్‌గేట్ అనే ముఠాకి డబ్బిచ్చారు. ఆ ముఠాకి దేశం లేదు, జెండా లేదు. ఎవరు డబ్బిస్తే వాళ్ళ పని చేస్తుంది."

"ఉదయ్‌ని ఢిల్లీకి పిలిపించేస్తే సరిపోతుంది కదా?"

"పిలిపిస్తే వాళ్ళు జారుకుంటారు. రేపు ఇంకో చోట, ఇంకో ఇంజినీర్. నాకు వాళ్ళు రెడ్‌హ్యాండెడ్‌గా కావాలి." ఆమె ఒక ఫోటో అతని వైపు తోసింది. "వీవర్ ఎవరో నాకు అనుమానం ఉంది. ఈ అమ్మాయి పేరు ఆర్పినే. ఆర్మేనియన్. కార్పెట్లు నేస్తుంది. మన నేత నేర్చుకుంటానని ముక్తేశ్వరం దగ్గర్లోని బండారులంకలో ఉంటోంది."

ఫోటోలో పొడుగాటి మనిషి. నల్లటి కళ్ళు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఒంటి మీద బండారులంక కాటన్ చీర. సినిమా పోస్టర్ మీద ఉండాల్సిన ముఖం. నవ్వడం లేదు.

"ఆర్మేనియన్ మనిషే ఆర్మేనియాకి వెళ్ళే ఇంజినీర్ని చంపిస్తుందా?" అన్నాడు మురళి.

"అదే కనుక్కో."

మర్నాడు పొద్దున్న విజయవాడ చీరల షోరూం ఓనర్ సూరిబాబు బండారులంకలో దిగాడు. సిల్కు చొక్కా, మెడలో సన్నటి గొలుసు, చంకలో లెదర్ బ్యాగు. కళ్ళజోడు ఫ్రేములో కెమెరా, జేబులో పెన్నులా కనిపించే ఎక్స్‌ప్లోజివ్ డిటెక్టర్, ఇంకో జేబులో సిగరెట్ పెట్టె సైజు జామర్. ఆ జామర్ ఆన్ చేస్తే చుట్టుపక్కల ఫోన్లన్నీ మూగబోతాయి. కాకపోతే బ్యాటరీ నిమిషం కూడా నిలవదు.

ఆర్పినే ఉంటున్న ఇల్లు వీరలక్ష్మిది. వీరలక్ష్మి మగ్గం మీద నేస్తుంది. భర్త వీరబాబు కువైట్‌లో డ్రైవరు.

"రండి బాబూ, అరుగు మీద ఎండగా ఉంది, లోపల కూర్చోండి. మంచినీళ్ళు తెమ్మంటారా?"

"ఆయ్, అలాగేనండి," అన్నాడు మురళి. అతను రాజోలులో పుట్టినవాడు. ఢిల్లీ వెళ్ళాక ఆ మాట అనడం మానేశాడు. ఇప్పుడు వేషంలో భాగంగా అంటే నాలుక మీద సొంతదిలా పలికింది.

లోపల రెండు మగ్గాలు. ఒకదాని ముందు ఆర్పినే కూర్చుని తెగిన పోగు ముడేస్తోంది. వేళ్ళు వేగంగా కదులుతున్నాయి. తల పైకెత్తి, "నమస్కారమండీ," అంది. ఉచ్చారణలో ఎక్కడా తేడా లేదు.

"చూసేరా, ఎంత బాగా నేర్చుకుందో! మా ఆర్పినమ్మ," అంది వీరలక్ష్మి గర్వంగా. టీవీలో వార్తలు నడుస్తున్నాయి. కువైట్ పేరు వినిపించగానే ఆమె చెయ్యి ఆగింది, పేరు దాటిపోగానే మళ్ళీ కదిలింది.

మురళి చీరలు తిప్పి చూస్తూ మాట కలిపాడు. ఆర్పినేతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆమె దాచకుండా చెప్పింది. పుట్టింది కరబాఖ్‌లోని షుషి అనే కొండ మీది ఊళ్ళో. రెండువేల ఇరవై యుద్ధంలో ఆ ఊరు పోయింది. దగ్గర్లోని స్టెపానకెర్ట్ పట్నానికి వచ్చారు. అక్కడ తొమ్మిది నెలలపాటు ఉన్న ఒక్క రోడ్డూ మూసేశారు. రొట్టె కోసం రాత్రిళ్ళు క్యూ, పొయ్యిలోకి కుర్చీలు విరగ్గొట్టుకోవడం. తర్వాత బాంబులు. తర్వాత అందరూ ఒకేసారి బయల్దేరడం. గంటన్నర ప్రయాణానికి రెండు పగళ్ళు పట్టింది.

"ఇప్పుడు అమ్మ ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటోంది. రష్యా యుద్ధం మొదలుపెడితే అక్కడివాళ్ళు ఆ ఊరికి పారిపోయి వచ్చారు, అద్దెలు రెట్టింపయ్యాయి. మాస్కోకి మా మీద కోపం వస్తే మా ఆప్రికాట్ పళ్ళ లారీల్ని సరిహద్దు దగ్గర ఆపేస్తారు. పళ్ళు కుళ్ళిపోతాయి. మా పెదనాన్న ఏ పంట వెయ్యాలో వాతావరణం చూసి నిర్ణయించుకోడు, వార్తలు చూసి నిర్ణయించుకుంటాడు."

మురళి ఆ మాట తెలుగులో చెప్పాడు. వీరలక్ష్మి నవ్వింది. "మా రొయ్యలోళ్ళూ అంతేనండి. అమెరికా వోళ్ళు పన్నేసేరు, ఇక్కడ చెరువులెండిపోయేయి. మా తమ్ముడు పోయినేడాది రెండు చెరువులు వదిలేసుకున్నాడు."

ఆర్పినే కూడా నవ్వబోయింది. అప్పుడే గుమ్మం దగ్గర బైకు ఆగింది. లోపలికి వచ్చినవాడు ఉదయ్ కిరణ్. పీలగా, కళ్ళజోడుతో, చేతిలో నోటుపుస్తకంతో స్కూలుపిల్లాడిలా ఉన్నాడు.

"బరెవ్," అన్నాడు ఆర్పినేతో. అంటే నమస్కారం. ఆమె అతనికి ఆర్మేనియన్ నేర్పుతోంది. 'మంచు', 'కరెంటు పోయింది', 'భయపడకండి' అనే మాటలు ఆ రోజు పాఠం.

ఆమె నేర్పుతున్నంతసేపూ మురళి ఆమె ముఖం చూశాడు. ఉదయ్ తప్పు పలికినప్పుడల్లా ఆమె ఓపిగ్గా దిద్దుతోంది. దిద్దాక కళ్ళు దించేసుకుంటోంది.

వెళ్ళే ముందు మురళి మగ్గం కింద గింజంత మైక్రోఫోన్ అంటించాడు.

ఆ సాయంత్రమే ఫలితం దొరికింది. వీరలక్ష్మి సంతకి వెళ్ళిన సమయంలో ఒక తెల్లజాతి మనిషి మగ్గం గదిలోకి వచ్చాడు. ముక్తేశ్వరంలో అందరికీ తెలిసిన మనిషే. కొబ్బరి పీచు కొని ఎగుమతి చేస్తానని గోడౌన్ అద్దెకి తీసుకున్నాడు. పేరు నోరు తిరగక ఊళ్ళో అంతా పీచు దొర అంటారు. కూలీలకి రోజు తప్పకుండా డబ్బులిస్తాడని మంచి పేరుంది. లోవరాజు చనిపోయిన రోజే ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి తిరిగొచ్చాడు.

మురళి అమలాపురం లాడ్జిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు.

"రేపు పొద్దున్న అతను కారుతో సహా పంటు మీద గోదావరి దాటి కోటిపల్లి వెళ్తున్నాడు. ద్రాక్షారామం గుడికి. నిజమేనా?" పీచు దొర గొంతు.

"నిజమే." ఆర్పినే గొంతు.

"ఈ పెట్టె అతనికివ్వు. యెరెవాన్‌లో ఉన్న మీ అమ్మకి చీర పంపిస్తున్నానని చెప్పు. కారులోనే పెట్టుకోవాలి."

"ఇందులో ఏముంది?"

"చీర ఉంది. అతనెక్కడున్నాడో చెప్పే చిన్న వస్తువుంది. అంతే. నీ తమ్ముడు బావున్నాడు. నిన్న మాంసం కూడా పెట్టారు."

తర్వాత అడుగుల చప్పుడు దూరమైంది. గదిలో మిగిలిన మనిషి ఏడవలేదు. మగ్గం మళ్ళీ ఆడటం మొదలైంది. చీకటి పడేదాకా ఆగలేదు.

"దొరని ఇప్పుడే పట్టేసుకుందామా?" మురళి ఫోన్లో అడిగాడు.

"దేనికి? చీర ఇచ్చినందుకా?" అంది విజయకుమారి. "చేతిలో విదేశీ పాస్‌పోర్టుంది. గంటలో ఎంబసీ దిగుతుంది. ముందు ఆ అమ్మాయిని మన వైపు తిప్పు."

"తమ్ముడు వాళ్ళ చేతుల్లో ఉన్నాడు మేడమ్. ఏమని తిప్పను?"

"మన ప్రభుత్వం విడిపిస్తుందని చెప్పు."

"విడిపిస్తుందా?"

"చెప్పమన్నాను," అంది విజయకుమారి.

తెల్లవారగానే కాలవ గట్టు మీద నూలు ఆరబెడుతున్న ఆర్పినే దగ్గరికి మురళి వచ్చాడు. ఈసారి మెడలో గొలుసు లేదు.

"వీవర్," అన్నాడు మెల్లగా.

ఆమె పారిపోలేదు. నూలు కండె తాడు మీద సర్దింది. "చీరల వ్యాపారి పోగులు లెక్కపెట్టి చూస్తాడు. మీరు చూడలేదు. ఎవరో ఒకరు వస్తారనుకున్నాను."

"లోవరాజు అనే డ్రైవర్ని మీ దొర చంపాడు. భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. ట్రాకర్ కోసం ఎవరూ హత్య చెయ్యరు. ఆ పెట్టెతో ఉదయ్‌ని ఏం చేస్తారో మీరు అడగలేదా?"

"అడిగితే చెప్తారని భయం," అంది.

నీళ్ళ వైపు తిరిగి చెప్పింది. తమ్ముడి పేరు నారెక్. ఊరొదిలి వచ్చేటప్పుడు అజర్‌బైజాన్ చెక్‌పోస్టు దగ్గర కారులోంచి దింపేశారు. ఒకప్పుడు సైన్యంలో పనిచేశాడని. ఏ జైల్లో ఉన్నాడో ఎవరూ చెప్పలేదు. ఎన్ని ఆఫీసులు తిరిగినా అందరూ ఓదార్చి పంపేవారే. ఆరు నెలల తర్వాత నార్త్‌గేట్ మనిషి ఒక వీడియో చూపించాడు. నారెక్ బతికే ఉన్నాడు. కాపలావాళ్ళకి డబ్బు ముట్టజెప్పే మనుషులు నార్త్‌గేట్‌కి ఉన్నారు. అప్పట్నుంచి వాళ్ళు చెప్పినట్టే చేస్తోంది.

"ఉదయ్ వెళ్తే మా సరిహద్దు ఊళ్ళలో పిల్లలు రాత్రిపూట నిద్రపోతారు. నాకు తెలుసు. కానీ ఆ పిల్లలెవరూ నాకు తమ్ముళ్ళు కారు."

మురళి ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత చెప్పాడు. "మా ప్రభుత్వం మీ తమ్ముడి గురించి మాట్లాడుతుంది. పై స్థాయిలో. నేను మాటిస్తున్నాను."

ఆమె అతని కళ్ళలోకి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చి ఇచ్చింది.

మురళి పెట్టెని డిటెక్టర్‌తో మూల మూలా వెతికాడు. లేతాకుపచ్చ చీర, అట్టలో దాచిన ట్రాకర్. పేలుడు పదార్థం లేదు. దొర నిజమే చెప్పాడు. అంటే దెబ్బ ఇక్కడ కాదు, ద్రాక్షారామంలోనో ఆ తర్వాతి రోడ్డు మీదో. విజయకుమారి అటువైపు మనుషుల్ని పంపింది. ట్రాకర్‌ని ఉన్నచోటే ఉంచి పెట్టె ఉదయ్‌కి ఇమ్మంది. దొరకి అనుమానం రాకూడదు.

ముక్తేశ్వరం రేవు. గౌతమీ గోదావరి నిండుగా ఉంది. వాహనాల్ని దాటించే పంటు బల్లపరుపుగా, ముందూ వెనకా దించే ఇనప తలుపులతో ఒడ్డుకి ఆనుకుని నిలబడింది. బైకులు, రెండు కార్లు, చేపల గంపలతో ఆడవాళ్ళు, డ్యూటీకి వెళ్ళే టీచర్లు, పీచు బేళ్ళ లోడుతో ఒక ట్రాలీ ఆటో. ఉదయ్ కారెక్కింది. మురళి వెనకే నడిచి ఎక్కాడు. వీరలక్ష్మి కూడా ఎక్కింది, భర్త క్షేమంగా ఉండాలని గుడిలో అర్చన చేయించడానికి.

ఆర్పినే ఒడ్డున నిలబడి ఉదయ్‌కి చెయ్యి ఊపింది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

"నేను అవతలి ఒడ్డున ఉన్నాను," అన్నాడు పీచు దొర. "ఇంత దూరం నుంచి ముఖాలు కనిపించవు. పంటు మధ్యకి వచ్చాక వీడియో కాల్ చేస్తాను. నీ తమ్ముడూ లైన్లో ఉంటాడు. బ్రైడ్‌గ్రూమ్ పంటు మీదే ఉంటే 'నూలు' అను. నువ్వు మాత్రం ఒడ్డు మీదే ఉండు. ఎక్కకు. అర్థమైందా? ఎక్కకు."

అర్థమైంది. ఆమె పరుగెత్తింది. పంటు తలుపు లేస్తోంది. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని దాని మీదికి గెంతింది. గెడతో పంటుని నెడుతున్న సరంగు ఆమె చెయ్యి పట్టి లాగి తిట్టాడు. "చచ్చిపోదువమ్మా!"

ఆమె మురళి దగ్గరికి వచ్చి, ఊపిరి తిప్పుకోకుండా, "బాంబు ఈ పడవలోనే ఉంది," అంది.

మురళి డిటెక్టర్ తీశాడు. కార్లు దాటాడు, గంపలు దాటాడు. ట్రాలీ ఆటో దగ్గరికి రాగానే పెన్ను చివర ఎర్రదీపం వెలిగి ఆరలేదు. ఆటోలో డ్రైవర్ లేడు. బండి ఎక్కించి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు లాక్ చేసి దిగిపోయాడు.

"వెనక్కి తిప్పేస్తానండి," అన్నాడు బాంబు మాట విని వెనకే వచ్చిన సరంగు.

"వద్దు. తిప్పితే వాడు నొక్కేస్తాడు. వెనక తలుపు దించండి. చప్పుడు కాకూడదు. ఈ బండిని గోదాట్లోకి తోసేద్దాం."

ఉదయ్ విన్నాడు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని మాట్లాడకుండా చక్రాల కింద అడ్డుపెట్టిన చెక్కలు లాగడం మొదలుపెట్టాడు. మురళి ఆటో స్టీరింగు కింద చెయ్యి పెట్టి లాక్ విరగ్గొడుతున్నాడు. అది రావడం లేదు.

పంటు నది మధ్యకి వచ్చింది. ఆర్పినే ఫోన్ మోగింది.

ఆమె ఎత్తింది. తెర సగంలో పీచు దొర. మిగతా సగంలో గుండు చేసిన తల, లోపలికి పోయిన కళ్ళు, బూడిదరంగు చొక్కా. నారెక్. పాత వీడియో కాదు, లైన్లో మనిషే. ఆమెను చూసి నవ్వాడు. ముందుపళ్ళు రెండు లేవు.

"ఒడ్డు మీద ఉండమన్నాను కదా," అన్నాడు దొర.

"జనం తోసేశారు, దిగలేకపోయాను. మా తమ్ముడితో ఒక్క నిమిషం మాట్లాడనివ్వండి. తర్వాత మీ మాట చెప్తాను."

దొర వాచీ చూసుకుని తల ఊపాడు.

"అక్కా," అన్నాడు నారెక్ వాళ్ళ భాషలో. "నీ వెనక అదేం నది?"

"గోదావరి."

"అవతలి ఒడ్డే కనిపించడం లేదు. చేపలుంటాయా?"

"ఉంటాయి. వరదొచ్చినప్పుడు పులస అని ఒకటి వస్తుంది. చాలా ముళ్ళు. నువ్వు తినలేవు."

"తింటాను," అన్నాడు నారెక్.

వెనక లాక్ విరిగింది. తలుపు నీళ్ళ మీదికి దిగింది. మురళి తల పైకెత్తి ఆమె వైపు చూశాడు. చేతిలో జామర్ ఉంది. అది నొక్కితే బాంబుకి సిగ్నల్ అందదు. ఆమె ఫోన్‌కీ అందదు. కాల్ తెగగానే దొరకి అంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత నారెక్ సంగతి ఎవరి చేతిలోనూ ఉండదు.

"ఆర్పినే," అన్నాడు దొర. "మాట."

ఆమె తమ్ముణ్ణే చూస్తోంది. చేపల గంపల మధ్య నుంచి లేచి వచ్చిన వీరలక్ష్మి, ఏం జరుగుతోందో తెలియక, ఎండ తగలకుండా ఆమె తల మీదికి తన కొంగు పట్టుకుంది.

దొరకి రాని భాష ఆమెకి ఒకటి వచ్చు. తెర మీంచి కళ్ళు తిప్పకుండా తెలుగులో అంది.

"నొక్కేయండి."

మురళి నొక్కాడు. నారెక్ ముఖం సగం నవ్వు మీద ఆగిపోయింది. తెర నల్లబడింది.

"తొయ్యండి!"

మురళి, ఉదయ్, సరంగు, ఇద్దరు టీచర్లు, తడి చేతులతో చేపల ఆడవాళ్ళు. ఆటో కదిలింది. వెనక చక్రం తలుపు మడత దగ్గర ఇరుక్కుంది. జామర్ దీపం మిణుకుమిణుకుమంటోంది. వీరలక్ష్మి వచ్చి భుజం ఆనించింది. "హైలెస్సా," అన్నారెవరో. చక్రం మడత దాటింది. బండి వెనక భాగం కిందికి వాలింది, పీచు బేళ్ళతో సహా నీళ్ళలోకి జారింది. మురళి చేతిలో దీపం ఆరిపోయింది.

మరుక్షణం గోదావరి నిలువునా పైకి లేచింది.

పంటు ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ నిలబడింది. నీళ్ళు వర్షంలా కురిశాయి. రెండు బైకులు నదిలో పడ్డాయి. మనుషులు ఒకళ్ళమీదొకళ్ళు పడ్డారు, ఏడ్చారు, లేచారు. ఎవరూ పోలేదు. పీచు మాత్రం నీళ్ళ మీద చాలా దూరం తేలింది.

ఆర్పినే తడిసిన ఫోన్ పమిటతో తుడిచి అదే నంబరుకి చేస్తోంది. మళ్ళీ మళ్ళీ చేస్తోంది. వీరలక్ష్మి ఆమె పక్కన కూలబడి, "ఎవరికమ్మా, ఇంటికా?" అని అడిగింది.

పీచు దొరని కోటిపల్లి రేవులో, చేతిలో ఫోన్‌తో సహా పట్టుకున్నారు.

పేపర్లలో పంటు మీద గ్యాస్ సిలిండర్ పేలిందని వచ్చింది. ఉదయ్ కిరణ్ ప్రయాణం వాయిదా పడింది. ఆర్మేనియా, అజర్‌బైజాన్‌ల మధ్య శాంతి మాటలు నడుస్తున్నాయని, ఈ సమయంలో రాడార్ల మనుషులు దిగితే బాగుండదని అక్కడివాళ్ళే చెప్పారు. విడుదలవుతారన్న ఖైదీల్లో నారెక్ పేరు వినిపించలేదు.

రాజమండ్రి గెస్ట్‌హౌస్‌లో విజయకుమారి మురళి ముఖం వైపు చూడకుండా మాట్లాడింది.

"దొరని నిన్న సాయంత్రం విమానం ఎక్కించారు."

"ఎక్కడికి?"

"వాళ్ళ దేశానికి. ఆ దేశం నుంచి మనం గ్యాస్ కొంటున్నాం. ఈ చలికాలానికి ఒప్పందం కుదరాలి."

"లోవరాజుని చంపాడు మేడమ్."

"గుండెపోటు అని రికార్డులో ఉంది."

"మరి నారెక్? నేను మాటిచ్చాను."

"మనం అడగలేం మురళీ. అడిగితే ఇక్కడ ఆపరేషన్ జరిగిందని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ అమ్మాయిని డిపోర్ట్ చేస్తున్నాం. కేసు పెట్టకుండా పంపించడమే నేను చెయ్యగలిగిన సాయం. హైదరాబాద్ దాకా నువ్వే తీసుకెళ్ళు."

బండారులంక వదిలేటప్పుడు వీరలక్ష్మి కారు దాకా వచ్చింది. ఆర్పినే ఏం చేసిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. అరిసెల డబ్బా ఒకటి చేతిలో పెట్టి, "మీ అమ్మగారికివ్వు. మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది.

"ఆయ్," అంది ఆర్పినే.

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఆమె పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పాడు. "ఆర్మేనియన్ పౌరురాలే కదా?"

"పాస్‌పోర్ట్ ఆర్మేనియాదే. లోపల డెబ్భై నంబరుంది చూడండి. కరబాఖ్ వాళ్ళకి ఆ నంబరు వేస్తారు. దాంతో ప్రయాణం చెయ్యొచ్చు. పౌరసత్వం కావాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి."

"మరి మీది ఏ దేశం?"

"ఉండేది," అంది ఆమె.

అతను ముద్ర వేసి లోపలికి పంపాడు.

గేటు దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. విమానం దోహా మీదుగా వెళ్ళాలి. ఆర్పినే అడిగింది.

"మీవాళ్ళు నారెక్ గురించి మాట్లాడారా?"

మురళి అబద్ధం వెతుక్కున్నాడు. దొరకలేదు. "లేదు. మాట్లాడరు. ఆ రోజు కాలవ గట్టు మీద చెప్పినప్పుడే నాకు తెలుసు."

"నాకూ తెలుసు."

"తెలిసీ పెట్టె ఎందుకిచ్చారు?"

"మీరు అబద్ధం చెప్పేటప్పుడు సిగ్గుపడ్డారు. నాతో అబద్ధం చెప్పినవాళ్ళలో సిగ్గుపడింది మీరొక్కరే."

"పంటు మీద ఎందుకు నొక్కమన్నారు?"

ఆమె ఒళ్ళో అరిసెల డబ్బా మూత సర్దింది. "వీరలక్ష్మి గారు నాకు ఎండ తగలకుండా కొంగు పట్టుకున్నారు. నారెక్ తెర మీద ఉన్నాడు, ఆవిడ పక్కన ఉన్నారు. ఎవరు ఎక్కువని ఆలోచించే సమయం లేదు. సమయం ఉండుంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. మీరూ అడగకండి."

బోర్డు మీద దోహా విమానం ఎదురుగా అక్షరాలు మారాయి. రద్దు. దాని కింద దుబాయి, కువైట్, మస్కట్. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎర్రబడ్డాయి. గల్ఫ్ మీద మళ్ళీ మిసైళ్ళు ఎగురుతున్నాయి, ఆకాశం మూసేశారు. హాలంతా ఫోన్లు మోగడం మొదలైంది. పెట్టెల మీద పేర్లు రాసుకున్న గోదావరి జిల్లాల మనుషులు నేల మీద కూలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ అచ్చం వీరలక్ష్మి గొంతుతో, "ఆయన ఫోనెత్తట్లేదండీ," అంటోంది.

"నన్ను పంపించడానికి కూడా దారి లేదు," అంది ఆర్పినే.

మురళి విజయకుమారికి ఫోన్ చేశాడు. రూలు ప్రకారం ఆమె దేశం బయటికి ముద్ర పడిన మనిషి, వెనక్కి రానివ్వకూడదు. ఆకాశం తెరుచుకునేదాకా గేటు దగ్గరే ఉంచమంది. ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు.

కాసేపటికి ఎయిర్‌లైన్స్ అమ్మాయి నవ్వుతూ వచ్చింది. యుద్ధం వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పి, చెరొక సమోసా కూపన్ ఇచ్చి వెళ్ళింది.